చెవియంత్రమందలి మూడవ సూది

నేను అన్నిటికంటె నెక్కువగా భయపడునది యిదియే: నా కూతురు మౌక్తిక నా గొంతును మరచిపోవునేమో యని. రోగమునకును లేమికిని నేనింతగా వెఱవను. పుట్టుకతోడనే శ్రవణశక్తి లేని యాబిడ్డకు మూడవయేట వైద్యులు కపాలాస్థిని తొలిచి లోపల నొక సన్నని తంత్రిని నిలిపి వెలుపల చెవివెనుక నొక చిన్న యంత్రమును తగిలించిన నాటినుండియే అది నన్ను అమ్మా యని పిలుచుట నేర్చినది. దైవమిచ్చిన వినికిడియైనచో దైవమే తీసికొనవలెను. యంత్రమిచ్చిన వినికిడిని తీసికొనుటకు ఎందరి చేతులు చాలునో యెవరు చెప్పగలరు?

ఆషాఢమాసారంభమున నొక ప్రభాతమందు విశాఖపట్టణసముద్రముపై గుమిగూడిన నీలమేఘపరంపర తీరసౌధశిఖరముల నొక్కొక్కదానిని తొంగి తొంగి చూచుచు నెచ్చట కురియవలెనో తేల్చుకొనలేక సంశయాకులచిత్తమున నిలిచియుండెను. తరంగములు ఇసుకపైకి వచ్చి యేదియో తాకిచూచి నమ్మకము చాలక మరలిపోవుచుండెను. లవణార్ద్రమైన గాలి వీథిలోని గొడుగులను తిరుగవేయుచు చేపలబుట్టలు నెత్తికెత్తుకొన్న స్త్రీల కేకలను ముక్కలు చేసి మోసికొనిపోవుచుండెను. అట్టివేళ బొబ్బిలినుండి తొలిబస్సున వచ్చిన నేను మౌక్తికను చంకనెత్తుకొని శ్రవణవైద్యశాల మెట్లెక్కితిని.

ఆ బస్సులో మాకెదురుగ కూర్చున్న నడివయసు స్త్రీయొకతె విజయనగరము వచ్చువరకు బిడ్డ చెవివెనుకనే చూపు నాటి యుంచినది. "అదేటమ్మా, ఫోనేటి?" అని యడిగినది. కాదని చెప్పితిని. "మరి దీపమెలుగుతున్నాది కదేటి?" అని మరల నడిగి చూచిన చోటనే మరల చూచినది. నేను దిష్టిని నమ్ముదును. నమ్మనివారికి నమ్మకుండుటకు కావలసిన తీరిక యున్నది, నాకు లేదు. చెక్కిలి మీదను అరికాలిలోను కాటుకచుక్క పెట్టక నేను మౌక్తికను గడప దాటింపను. కాటుకభరిణ నా చేతిసంచిలో నీళ్ళసీసా పక్కన నెప్పుడునుండును.

ఆ వైద్యశాలలో చెవియంత్రములను సవరించు నీలవేణి యను యువతి భీమవరప్రాంతమునుండి వచ్చినది. ఆమె పని యిట్టిది. యంత్రమునుండి బ్యాటరీని విడదీసి ఆ చోటనే యొక తీగను తగిలించును. ఆ తీగ రెండవకొన అరచేయియంత పెట్టెలోనికి పోవును. ఆ పెట్టెనుండి మరియొక తీగ కంప్యూటరులోనికి పోవును. ఏ ధ్వని బిడ్డకు నెంత వినబడవలెనో ఆ కొలతలను కంప్యూటరు ఆ దారివెంట యంత్రమందు వ్రాయును. దానిని వారు మ్యాపందురు. బిడ్డ పెరుగుచున్నకొలదిని పాత మ్యాపును చెరిపి కొత్తది వ్రాయుచుండవలెను.

"ఈ వారమే కంప్యూటర్‌లో కొత్త డ్రైవరు వేశారమ్మా" అని నీలవేణి తీగ తగిలించుచు ననెను.

డ్రైవరనగా కంప్యూటరునకును పెట్టెకును నడుమ నిలిచి వీరి మాటను వారికిని వారి మాటను వీరికిని చెప్పు దుబాసి వంటిదని ఆమె నాకొకప్పుడు తెలియజెప్పియుండెను. నేను బడి మానునాటికి మా బడికి కంప్యూటరు రాలేదు గనుక నట్లు చెప్పిననే నాకు బోధపడును. అయినను దుబాసిని మార్చినారన్నమాట నాకు రుచింపలేదు. నమ్మకముగ పనిచేయుచున్నవానిని ఊరక యెవరు మార్తురు?

"పాతవాడేటి చేశాడండీ?" అని యడిగితిని.

ఆమె నవ్వి "ఏమీ చెయ్యలేదమ్మా. ముసలాడైపోయాడు" అనెను.

తెరమీద పచ్చనిగీత సగమువరకు పాకి నిలిచిపోయెను. పరికరము కనబడుట లేదని యెఱ్ఱని యక్షరములు వచ్చెను. నీలవేణి నవ్వు పోయెను. అప్పటికే పాత మ్యాపు చెరిగిపోయినది. కొత్తది సగమే వ్రాయబడినది. అనగా నా బిడ్డ చెవియంత్రమందు ఆ క్షణమున పనికివచ్చునది ఏమియు లేదు.

మౌక్తికకొక స్టీలు గ్లాసున్నది. వినికిడి వచ్చిన నాటినుండి దానిని చెంచాతో కొట్టుకొని మురియుట దాని యాట. నీలవేణి తీగ తీసి బ్యాటరీ పెట్టి యంత్రమును దాని చెవివెనుక నుంచగానే అది గ్లాసును కొట్టెను. గ్లాసు వంక చూచెను. మరల బలముగ కొట్టెను. లోపలికి తొంగిచూచెను. అటుపిమ్మట ఆ గ్లాసును నాచేతికిచ్చి బాగుచేయుమని కన్నులతో నడిగెను.

ఆ చూపు నెదుట నేనెట్లు నిలిచితినో నాకే తెలియదు.

నీలవేణి మధ్యాహ్నమువరకు చేయని ప్రయత్నము లేదు. తీగలన్నియు నూడదీసి మరల తగిలించెను. కంప్యూటరునకు పక్కన వ్రేలాడుచు నాలుగు తీగలకు చోటిచ్చు హబ్బను పిలక యుండగా దానిని తొలగించి పెట్టెను నేరుగ కలిపెను. కంప్యూటరును ఆర్పి వెలిగించెను. కొత్త దుబాసిని పంపివేసి పాతవానిని మరల కూర్చుండబెట్టెను. వాడును పెదవి విప్పలేదు. చివరకు యంత్రములు చేయు సంస్థవారికి ఫోను చేసెను. ఎక్కడనో యెన్నడును చూడని యూరిలో కూర్చున్న యొక మనుష్యుడు అచ్చటినుండియే యీ కంప్యూటరును నడుపునట. నేను చూచుచుండగనే నీలవేణి రెండుచేతులును ఒడిలో నుండగనే తెరమీది బాణము తనంతట తాను కదలి పుటలు తెరచుచు మూయుచు తిరుగజొచ్చెను. నా బిడ్డ పేరు తెరమీద నున్నది. దాని పుట్టినదినమున్నది. దాని తల లోపలి తంత్రి కొలతలున్నవి. కనబడని చేయి వాని మధ్య తిరుగుచుండెను.

"ఎవరాయన?" అని యడిగితిని.

"కంపెనీ మనిషమ్మా. సాయం చేస్తున్నాడు."

"ఆయన పేరేటి?"

నీలవేణికి తెలియదు. పేరు తెలియనివానిని ఇంట దూరనిచ్చినట్లే నాకు దోచెను.

ఆ మనుష్యుడు ఫోనులో చెప్పినదానిని అనుసరించి ఆమె కొత్త డ్రైవరుతో వచ్చిన కాగితమును తీసి చదివెను. "తెలిసిన లోపాలని వాళ్ళే రాశారమ్మా. హబ్బు ద్వారా పెడితే పెట్టెని గుర్తించదు. కంప్యూటర్ నిద్రపోయి లేస్తే తీగ తీసి మళ్ళీ పెట్టాలి. లంకెలో ఏ కాస్త తేడా వచ్చినా రాయడం మధ్యలో ఆపేస్తుంది."

"తెలిసిన లోపాలైతే దిద్దకుండా ఇవ్వడమేటండీ?"

"చెప్పి ఇవ్వడం నయం కదమ్మా."

"చెప్పనివెన్నున్నాయో" అంటిని.

ఆమె ఆ కాగితమును మడిచి లోపల పెట్టెను. మరునాడు ఉదయమున మరియొక పెట్టె తెప్పించి చూతుననియు ఆశ వదులుకొనవలదనియు చెప్పి మమ్ము పంపెను. ఆ సాయంకాలము గోపాలపట్నములో నా యాడపడుచు ఇంట నుంటిమి. జనపనారమిల్లులో పనిదిగిన నా పెనిమిటి ఫోను చేసినప్పుడు నా మనసులో నున్నదంతయు చెప్పితిని. పాతయంత్రము పాడైనదని చెప్పి కొత్తది కొనిపించుటకే యిదియంతయు చేసియుందురనియు, లేకున్న కొత్త దుబాసిని పరీక్షించుటకు మన బిడ్డయే దొరికినదా యనియు, ఆ బాణము నడిపినవాడు ఏమి చెరిపినాడో యెవరికి తెలియుననియు చెప్పితిని.

"నీకందరి మీదా అనుమానమే" అని యాతడనెను. "నామీదా ఉంటాది."

"ఉన్నాది" అంటిని.

ఆయన నవ్వెను. నాకు నవ్వు రాలేదు. పక్కన మౌక్తిక గోడవైపు తిరిగి పండుకొనియుండెను. దాని వెనుక కూర్చుండి పేరు పెట్టి పిలిచితిని. స్వరము పెంచి పిలిచితిని. వంటింటినుండి నా యాడపడుచు వచ్చి యేమైనదని యడుగునంత బిగ్గరగ పిలిచితిని. ఆ చిన్ని వీపు కదలలేదు.

మరునాడు ఉదయమున వైద్యశాల బల్లమీద నాపక్కన సన్యాసమ్మ యను స్త్రీ వచ్చి కూర్చుండెను. నా యీడుదే. పాతపట్నము దాటిన పిదప కొండవార నొక పల్లె తనదని చెప్పినది; నాది బొబ్బిలియని నేను చెప్పితిని. ఆనందపురము వైపు ఇటుకబట్టీలో ఇటుకలు కోయుటకు భర్తతో వచ్చియున్నదట. ఒడిలో సింహాద్రి యను నాలుగేండ్ల కొడుకు. వాని చెవివెనుకను మౌక్తికకున్నట్టి నల్లని యంత్రమే. కొలదిదినములుగ వానికి మాటలు సన్నగ వినబడుచున్నందున మ్యాపు మార్పింపవలెనని తెచ్చినది.

"ఈ మిసనేదో నా మొగుడికెట్టినా బాగున్ను" అని ఆమె పలుకరించెను. "రెండు సెవులూ ఉన్నాయి, నా మాటొకటీ ఎక్కదు."

ఆ నవ్వు నన్ను కొంత తేరుకొనజేసెను. మా యిద్దరి బిడ్డలును ఒకరి యంత్రము నొకరు వ్రేలితో తాకి చూచుకొనుచుండిరి. వారొకరినొకరు వింతగ చూడకుండుట చూచి నా కన్నులు చెమర్చినవి. అప్పుడే నాకు నిన్నటి బస్సులోని చూపు మరల తలపునకు వచ్చెను. భరిణ తీసి మౌక్తిక చెక్కిలికి చుక్క పెట్టితిని. అరికాలికి పెట్టితిని. అటుపిమ్మట నెప్పటివలెనే దాని యంత్రమును తీసి అడుగున బ్యాటరీ కలియుచోట మూడవచుక్క పెట్టితిని. పైన పెట్టినచో నవ్వుదురు. నల్లని యంత్రముపై అడుగున నల్లని చుక్క యెవరికిని కనబడదు. చూపులన్నియు దానిమీదనే పడుచుండగా దానికి రక్ష లేకున్న నెట్లు?

సన్యాసమ్మ కన్నులు పెద్దవి చేసెను. "ఓలమ్మ, మిసనుక్కూడా సుక్కెడతావేటప్పా. నాకీ ఆలోసనే రాలేదు సూడు. మా ఇటికల కళ్ళాంలో అందరూ దీన్నే సూస్తారు." ఆమె చేయి చాచెను. నేను భరిణ యిచ్చితిని. ఆమె సింహాద్రి యంత్రమునకడుగున నాకంటె పెద్దచుక్క పెట్టి తృప్తిగ వ్రేలిని జుట్టునకు తుడుచుకొనెను.

నీలవేణి మమ్ము లోపలికి పిలిచెను. రెండవ పెట్టె వచ్చినది. దానితోను మౌక్తిక యంత్రము పలుకలేదు. అప్పుడామె సన్యాసమ్మవంక తిరిగి "అమ్మా, మీ బాబు మెషీను ఒక్కసారి తగిలించి చూస్తాను. చదవడమే. ఏమీ రాయను, చెరపను. అది కలిస్తే కంప్యూటరూ పెట్టే బాగున్నట్టు. అప్పుడు తప్పెక్కడుందో తేలుతుంది" అని మెల్లగ నడిగెను.

సన్యాసమ్మ నావంక చూచెను. చదువుకొన్నవారి మాటకంటె తనవంటి తల్లి మాట నమ్మదగినదని ఆ చూపు చెప్పుచుండెను.

"ఇవ్వకప్పా" అంటిని. "నా గుంట మిసను నిన్న అలాగే తీసుకున్నారు. ఇప్పుడు దానికి నా కేక కూడా వినిపించడం లేదు."

నా మాట ముగియకముందే ఆమె బిడ్డను చంకనెత్తుకొనెను. "మా గుంటడికి సన్నగానన్నా ఇనిపిస్తన్నాది. అదే సాల్నాకు. ఒద్దు బాబూ ఒద్దు" అనుచు వాకిలి దాటెను. నీలవేణి ఆమె వెంట వరండావరకు పరుగిడి పిలిచి మరలి వచ్చెను. వచ్చి తన కుర్చీలో కూర్చుండి తగిలింపని తీగను చుట్టజొచ్చెను. ఆమె నన్ను తిట్టినను బాగుండెడిది.

"వాళ్ళ బాబుకి ఇవాళ మ్యాపు మార్చకపోతే ఇంకా సన్నగిల్లిపోతుందమ్మా" అని కడపట ననెను. "సరే. ఇక మిగిలింది మీ మెషీనొక్కటే. బ్యాటరీ పెడితే దీపం వెలుగుతోంది కదా అని నేను దాన్ని అనుమానించలేదు."

నేను ఇదిగో వచ్చినది కొత్తయంత్రము మాట యని చేతులు బిగించి కూర్చుంటిని. ఆమె భూతద్దము తీసి మౌక్తిక యంత్రమును తలక్రిందులు చేసి దీపము క్రింద పట్టెను. అచ్చట మూడు బంగారువన్నె సూదులున్నవనియు రెండు సూదులు బ్యాటరీనుండి శక్తిని తెచ్చుననియు మూడవదాని వెంటనే వ్రాత లోపలికి పోవుననియు చెప్పుచునే ఆమె మాట నిలిపెను. "రెండే కనిపిస్తున్నాయేంటి?" అని తనలో ననుకొనెను. ఒక పుల్లకు దూది చుట్టి స్పిరిటులో ముంచి ఆ చోట త్రిప్పెను. దూది నల్లగ వచ్చెను. మరియొకటి త్రిప్పెను. అదియు నల్లగ వచ్చెను. ఆమె దానిని ముక్కుదగ్గర పెట్టుకొని చూచెను.

"ఆముదం వాసనొస్తోందమ్మా."

ఆముదపుదీపముపై రాగిపళ్ళెము బోర్లించి నేనే స్వయముగ పట్టిన మసి యది. ప్రతిప్రయాణమునకును ముందు ఒక్కొక్కచుక్కగ నా చేతులార నేనే పెట్టుచు వచ్చితిని. అది వేడికి కరగి సూదిచుట్టును జారి గడ్డకట్టినది. నేను సంచిలోనుండి భరిణ తీసి బల్లమీద పెట్టితిని.

నీలవేణి భరిణను చూచెను. బిడ్డ చెక్కిలిని చూచెను. నవ్వుట తగదనుకొని కాబోలు పెదవి కొరికికొనెను. "పాత డ్రైవరైతే లంకె సరిగ్గా అందకపోయినా మళ్ళీ మళ్ళీ అడిగి ఎలాగో రాసేసేదమ్మా. అందుకే ఇన్నాళ్ళూ తెలీలేదు. కొత్తదానికి కాస్త సందేహం వస్తే చాలు, చెయ్యి వెనక్కి తీసేసుకుంటుంది. నిన్నటికి మసి మరీ మందమైపోయింది, అందుకే పాతదాన్ని పెట్టినా లాభం లేకపోయింది" అని చెప్పెను.

పచ్చనిగీత ఈసారి చివరవరకు పాకెను. నీలవేణి యంత్రమును చెవివెనుక నుంచగా నేను మౌక్తికకు వెనుకగ పోయి నిలిచితిని. ఎన్నియో దుష్టశంకలను తడుముకొనకుండ పలికిన నోటికి ఆ మూడక్షరముల పేరు పలుకుట కష్టమాయెను.

"మౌక్తికా" అంటిని. గుసగుసకంటె కొంచె మెక్కువ.

అది గిరుక్కున తిరిగెను. తిరిగి నన్ను చూచి నవ్వక బల్లమీది గ్లాసును తీసి చెంచాతో కొట్టి చెవియొగ్గి "అమ్మా, బాగైపోనాది" అనెను. నేను బాగుచేసితిననియే దాని నమ్మకము.

దానిని నీలవేణి యొడిలో విడిచి నేను సన్యాసమ్మకై మెట్లమీదుగ పరుగెత్తితిని. వీథిలో వాన యారంభమైనది. బస్సునిలుచుచోట తడిసిన కొబ్బరిబొండములవాడు తప్ప మరెవరును లేరు. బిడ్డను చంకనెత్తుకొన్న యాడది ఇప్పుడే బస్సెక్కినదని వాడు చెప్పినాడు. నీలవేణి తనవద్దనున్న నెంబరునకు ఎన్నిమారులో ఫోను చేసినది. పలుకలేదు. నాలుగుదినముల పిదప నా పెనిమిటి ఆనందపురము పోయి చూచివచ్చినాడు. తొలకరి పడినందున బట్టీ మూసినారట. నీరు నిలిచిన గోతులును కాలని పచ్చియిటుకల వరుసలును తప్ప నచ్చట మనుష్యులెవరును లేరట. పాతపట్నము వైపు బంధువులున్నవారిచేత కబురంపితిని. ఆ పల్లె పేరు నేనడుగలేదు గనుక కబురు ఏ గుమ్మమును చేరలేదు.

మౌక్తిక చెక్కిలికి నేను నేటికిని చుక్క పెట్టుదును. యంత్రమునకు పెట్టను. ప్రతిచవితినాడు దూది స్పిరిటులో ముంచి మూడు సూదులును తుడుతును. తుడిచిన ప్రతిసారియు ఆ దూదిని వెలుతురున పట్టి చూతును. తెల్లగనే యుండును. అయినను నా మనసు నిలువదు. ఏలయన నా భరిణలోని కాటుకయే మరియొక బిడ్డ యంత్రమందున్నది. నా నోటిమాటయే మరియొక తల్లి గుండెలో నున్నది. ఆమె ఏ వైద్యశాల గుమ్మము త్రొక్కినను ఆ యంత్రమును తీసి యెవరి చేతికిని ఇయ్యదు.

కావున చదువరులారా, మీలో నెవరైనను పాతపట్నము దాటి కొండవారపల్లెలకు పోవువారున్నచో, ఏ బట్టీచెంతనైనను పనివాండ్ర పాకలమీదుగ నడచువారున్నచో, చెవివెనుక నల్లని యంత్రమున్న సింహాద్రి యను నాలుగేండ్ల గుంటడు కనబడునేమో చూడుడు. కనబడినచో వాని యెదుట నిలువకుడు. ఎదుట నిలిచినచో పెదవులు చూచి నవ్వును, మీరు మోసపోవుదురు. వెనుకగ పోయి నిలిచి వాన చప్పుడు తగ్గువరకు ఆగి మెల్లగ పేరు పెట్టి పిలువుడు. తిరిగినచో మంచిది. తిరుగకున్నచో వాని తల్లి సన్యాసమ్మతో ఆ బొబ్బిలి యప్ప కూతురికి వినబడుచున్నదనియు, వానిని మరల వైద్యశాలకు తీసికొనిపొమ్మనియు చెప్పుడు. చెప్పి ఆ యంత్రము అడుగుభాగమును ఒక్కసారి తుడిచి చూడుడు.